గాజుకంటుకున్న లక్ష్మి

మార్కాపురంలో పలకలు అమ్మినవాళ్ళందరిలోకీ చిన్న పుల్లారావు ఓపికమంతుడు. బేరానికి వచ్చినవాడి ఎదురుగా ఆయన మాట్లాడకుండా కూర్చుంటే, లేచేసరికి అవతలివాడికి గడ్డం పెరిగేదట. వెలిగండ్ల నుంచి ఒక అయ్యవారు రెండు డజన్ల బడిపలకలకు బేరం మొదలుపెట్టి, అది తెగి బండెక్కేసరికి ఆ పిల్లలంతా పలకలు దాటి పుస్తకాల్లోకి వెళ్ళిపోయారని చెప్పేవారు. ఇందులో సగం అబద్ధం తీసేసినా మిగిలే ఓపిక చాలా ఎక్కువే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆ ఓపిక కాస్తా హరించుకుపోయింది. భార్య రామతులసమ్మ గొంతులో గడ్డ లేచింది. మొదట రేగిపండంత, సంక్రాంతి దాటేసరికి నిమ్మకాయంత. గిద్దలూరు డాక్టరు వేలితో నొక్కి చూసి, దీన్ని మద్రాసులో కరెంటు పెట్టి కాల్చాలనీ, ఎండలు ముదిరేలోగా తీసుకుపోకపోతే ఆ తరువాత తీసుకుపోవడం దండగనీ చెప్పాడు. వెయ్యి రూపాయలు లేకుండా రైలెక్కవద్దన్నాడు. అంతకు ముందు సంవత్సరమే వానకు గోడౌను గోడ కూలి, పేర్చిన పలకలన్నీ పిండి అయిపోయాయి. ఇంట్లో అమ్మదగ్గది అంటూ మిగిలింది ఒక్కటే, గోడమీద లక్ష్మీదేవి పటం.

ఆ పటం పుల్లారావు తండ్రి బొంబాయిలో పలకలు అమ్మబోయి తెచ్చింది. చేత్తో గీసింది కాదు, అచ్చు. రంగుకొక రాయి చొప్పున పద్దెనిమిది రాళ్ళమీద ఒకే కాగితాన్ని అద్దారట. అమ్మవారి చెక్కిలి మీద వెలుగు చూసి, ఇంట్లో దీపం పెట్టడం మరిచిపోయినవాళ్ళున్నారు. చెదలు పట్టకుండా తండ్రి దాని వెనక చెక్కకు బదులు పల్చటి నల్లపలక బిగించి, చుట్టూ లక్క పోశాడు. పలకల ఊరివాడికి అంతకంటే ఏం తోస్తుంది? ఆ పలక కొరికి పళ్ళరిగిన చెదలు ఊరు విడిచిపోయాయని ఆయన బతికున్నన్నాళ్ళూ చెప్పుకున్నాడు.

పుల్లారావు మొదట గిద్దలూరులో నూనె గానుగ పెట్టి బాగా సంపాదించిన కోటేశ్వరరావు దగ్గరికి వెళ్ళాడు. వరసకు బావమరిది. ఆయన పటాన్ని అటూ ఇటూ తిప్పి, టేకు చట్రానికీ గాజుకూ కలిపి పదిహేను రూపాయలు ఇస్తానన్నాడు. బొమ్మ మాటేమిటని అడిగితే, "లక్ష్మినే అమ్ముకునేవాని ఇంట్లో లక్ష్మి యాడుంటది బావా? వట్టి కాగితానికి నేను దుడ్డియ్యను," అన్నాడు. అక్కడున్న గుమాస్తాలు నవ్వారు. పుల్లారావు పటాన్ని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కాడు.

తరువాత శివరాత్రికి దోర్నాల వెళ్ళి, శ్రీశైలం పోయే యాత్రికులు ఆగే హోటలు పక్కన పటాన్ని గోడకు ఆనించి కూర్చున్నాడు. కొనేవాడు ఒక్కడూ రాలేదు. దండం పెట్టేవాళ్ళు మాత్రం వచ్చారు. మధ్యాహ్నానికి కొబ్బరికాయలు, సాయంత్రానికి వరస. రాచర్ల వైపు నుంచి వచ్చిన ఆదెమ్మ అనే గొర్రెలకాపరి ముసలమ్మ, మందకు తెగులు తగిలిందని, అమ్మవారి పాదాల దగ్గరి కుంకుమ ఇమ్మని ఆయన్నే పట్టుకుంది. అడవిశాఖ చెక్‌పోస్టు జవాను గేటు అట్లాగే వదిలేసి దర్శనానికి వచ్చాడు. చేతులు జోడించి నిలబడ్డవాళ్ళను ఇది కొంటారా అని అడగడానికి పుల్లారావుకు నోరు రాలేదు. రెండోరోజు పోగైన చిల్లరంతా ఒక యాత్రికుడి చేతిలో పోసి, మల్లన్న హుండీలో వెయ్యమని చెప్పి ఇల్లు చేరాడు. ఆ రెండు రోజుల్లో రామతులసమ్మ గొంతు జావ తప్ప ఏదీ మింగలేని స్థితికి వచ్చింది.

దారి చూపించినవాడు యాకోబు. పలకలకు కొయ్యచట్రాలు బిగించే వడ్రంగి. కుర్రతనంలో మద్రాసులో సుందరరాజు అనే పాత పటాల వర్తకుడి దగ్గర పటాలు పంపే చెక్కపెట్టెలు చేసేవాడు. ఇట్లాంటి అచ్చులకు అక్కడ కొనేవాళ్ళున్నారనీ, గాజు వెనక అంచు మీద అచ్చాఫీసు పేరు చెడకుండా ఉంటే చట్రంతో పనిలేదనీ చెప్పాడు. అంచు మీద ఉన్న అక్షరాలన్నీ కాగితం మీద ఎక్కించి జాబు రాశారు. పన్నెండోరోజు జవాబు వచ్చింది. సుందరరాజు తనే వస్తానని రాశాడు. పటాన్ని విప్పవద్దు, తుడవవద్దు, దాని మేకు కూడా కదిలించవద్దు, డబ్బు చేతిలో పట్టుకుని వస్తున్నాను అని ఉంది.

ఆ జాబును పుల్లారావు భార్యకు మూడుసార్లు చదివి వినిపించాడు. మద్రాసుకు ఏయే చీరలు పెట్టాలో కూడా ఆయనే చెప్పాడు. ఆమె చెయ్యి ఊపి దగ్గరికి పిలిచింది.

వాళ్ళ ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పూజలు అందుకున్న బొమ్మను గానీ, పటాన్ని గానీ ఊరికే పరాయి చేతిలో పెట్టరు. గుండ్లకమ్మ నీళ్ళలో మూడు మునకలు వేయించి, అందులో కొలువున్న దేవతను సాగనంపి, అప్పుడు ఇస్తారు.

"ముప్పై ఏళ్ళు దీపం పెట్టినాను," అంది రామతులసమ్మ. ఒక్కొక్క మాటా లోపలినుంచి తోడి పోస్తున్నట్టు వచ్చింది. "తల్లిని అట్లనే అమ్మితే నాకు గొంతు బాగైనా నిద్ర పట్టదు. మునకలేసి పంపండి."

"ఆయన తుడవనే వద్దన్నాడే."

"తుడవమంటినా? మామ లక్క పోసినాడు గదా. నీళ్ళు యాడినుంచి పోతాయి?"

పది రోజులుగా ఆమె అన్ని మాటలు మాట్లాడలేదు. కాదనడానికి పుల్లారావుకు మనసు రాలేదు. ఏట్లో నీళ్ళెక్కడివి? ఎండిపోయిన ఇసుకలో చెలమ తీసి, బిందెడు నీళ్ళు తెచ్చి, గంగాళంలో పోసి, పటాన్ని రెండు చేతులా పట్టుకుని మూడుసార్లు ముంచాడు. మంచం మీద నుంచే ఆమె నమస్కారం చేసింది.

ముప్పై వేసవులు చూసిన లక్క. గనిలో రాళ్ళు మోసే ఆడవాళ్ళ మడమల్లా పగిలి ఉందని ఆయన చూసుకోలేదు. ఎత్తి చూస్తే గాజు లోపల ఒక మూల చెమ్మ. వెంటనే వెనక పలక ఊడదీసి, కాగితాన్ని నీడలో ఆరబెట్టి ఉంటే బహుశా ఏమీ అయ్యేది కాదు. కానీ మేకు కదిలించవద్దని జాబులో ఉంది. మాట తప్పితే బేరం చెడుతుందనుకున్నాడు. అందుకని పటాన్ని బోర్లించి, వెనక పలక పైకి వచ్చేట్టు పెరట్లో ఎండకు పెట్టాడు.

మార్కాపురం పలక, మార్కాపురం ఎండ. ఆ వేసవిలో పెరట్లో వాలిన కాకి కాళ్ళు కాలి కుంటుకుంటూ పోయింది. పలక పెనమైంది. లోపలి చెమ్మ ఆవిరైంది. సాయంత్రం తీసి గోడకు తగిలిస్తే చెమ్మ ఎక్కడా లేదు. అమ్మవారు ఎన్నడూ లేనంత కళగా ఉంది. రంగులు తడితడిగా మెరిశాయి. రామతులసమ్మ చూసి, సాగనంపినందుకు తల్లి సంతోషపడిందనుకుంది.

మర్నాడు పొద్దున సుందరరాజు మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి జట్కాలో వచ్చాడు. సన్నటి మనిషి, బంగారు చట్రం కళ్ళజోడు. వీధి అరుగు మీద పటాన్ని బల్లమీద పెట్టించి, ముందు వైపు అంగుళం అంగుళం చూశాడు. ఆయన ముఖం చూసి పుల్లారావుకు ప్రాణం లేచి వచ్చింది. అంచూ, కాగితం వెనక వైపూ చూడాలి, విప్పమని ఆయన యాకోబుకు చెప్పాడు. మేకులు ఒక్కొక్కటే వచ్చాయి. యాకోబు పలకను పైకెత్తాడు. పలకతోపాటు కాగితం లేచింది, చిరుగుతూ, ముక్కలు ముక్కలుగా. ఆవిరికి మెత్తబడి అంటుకున్న అమ్మవారి ముఖం, రెండు చేతులు, ఒక ఏనుగు గాజుకే ఉండిపోయాయి.

యాకోబు పలకను అట్లాగే చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

సుందరరాజు అడిగితే పుల్లారావు మునకలూ ఎండా అన్నీ చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "విప్పొద్దని నేనే రాశాను," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"బాగుండి ఉంటే ఎంత ఇచ్చేవాళ్ళు?"

"ఇప్పుడెందుకు శెట్టిగారూ."

"చెప్పండి."

"పధ్నాలుగు వందలు తెచ్చాను."

మజ్జిగ కూడా పుచ్చుకోకుండా ఆయన అదే జట్కాలో వెనక్కి వెళ్ళిపోయాడు. పుల్లారావు అరుగు మీద కూర్చున్నాడు. లోపల రామతులసమ్మ చేతిగాజుల చప్పుడైంది. పిలుస్తోంది. లేచి వెళ్ళాడు. పటం పాడైన సంగతీ, ఎందువల్ల పాడైందో కూడా, ఆమెకు లోపలికే వినబడింది. ధర ఒక్కటే వినబడలేదు.

"ఎంత తెచ్చినాడు?" అని గుసగుసగా అడిగింది.

పుల్లారావు మంచం పట్టె మీద కూర్చుని, ఆమె కాళ్ళ మీది దుప్పటి సర్దాడు. "డెబ్బై," అన్నాడు. "రైలు చార్జీలకు కూడా సరిపోదు. దానికింత ఆర్భాటం."

ఆమె ఆయన ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. తరువాత కళ్ళు మూసుకుంది. "అట్లయితే నా మునకల వల్ల పోయిందేం లేదు."

"ఏం లేదు."

కార్తీకం దాకా బతికింది. ఆ ఆరు నెలల్లో చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ, డెబ్బై రూపాయల కోసం మద్రాసు నుంచి జట్కా ఎక్కి వచ్చిన మనిషి కథ సైగలతో చెప్పి, నోరు తెరవకుండా నవ్వేది. చెప్పడం అయ్యాక, అవునా కాదా అన్నట్టు భర్త వైపు చూసేది. పుల్లారావు ప్రతిసారీ తల ఊపాడు. అక్కడ యాకోబు ఉంటే, ఏదో పని ఉన్నట్టు లేచి బయటికి వెళ్ళేవాడు.

ఆమె పోయాక పుల్లారావు ఇంకా పంతొమ్మిదేళ్ళు బతికి, పలకలు అమ్మాడు. ఆ పటం సంగతి ఎవరు అడిగినా డెబ్బై రూపాయలనే చెప్పాడు. మార్కాపురంలో ఏ అబద్ధమైనా పదిమందికి చెబితే నిజమై కూర్చుంటుంది. ఇదొక్కటి మాత్రం ఆయన ఎంతమందికి చెప్పినా, చెప్పిన ప్రతిసారీ తన చెవికి పధ్నాలుగు వందలుగానే వినబడింది.