ఏడేళ్ళు ఆలస్యంగా పంచిన సారె

మా వియ్యపురాలు, అంటే మా కోడలి తల్లి, పోయారని మా అబ్బాయి ఫోన్లో చెప్పేసరికి నేను పెరట్లో ఆనప పాదుకి నీళ్ళు పోస్తున్నాను. చెంబు కింద పెట్టాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "హమ్మయ్య" అని.

మా ఆవిడ వింది. "అదేం మాటండీ, మనిషి పోతే!" అని కసిరింది.

మనిషి పోయినందుకు కాదు. ఆవిడకి నేను చెప్పాల్సిన మాట ఒకటి ఏడేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. దాన్ని ఆవిడ బతికుండగానే చెప్పేశాను, అందుకు. ఇంకో రెండు వారాలు బద్ధకించి ఉంటే ఆ మాట నాతోపాటే కాటికి వచ్చేది. ఏడుపు తర్వాత వచ్చింది, ఆవిణ్ణి చూశాక.

నేను ఐదో తరగతి దాటలేదు. "అమ్మ గురించి ఎవరైనా రాస్తే బాగుండు మావయ్యగారూ" అని కోడలు అంటే, నేనే రాస్తానన్నాను. తప్పులు దిద్దుతానంది. అక్షరాలు దిద్దు, మాటల జోలికి రాకు అన్నాను. అందుకని ఇందులో మొరటుగా ఉన్నదంతా నాదే.

పెళ్ళికి ముందు మా ఇల్లు చూడ్డానికి కడియం పక్కనుంచి కారు వేసుకుని వచ్చారు వాళ్ళు. మగవాళ్ళు హాల్లో కూర్చుని పొలం ఎక్కడ, నీరు ఏ కాలవది అని అడుగుతున్నారు. ఆవిడ మాత్రం వంటింట్లోకి వెళ్ళి పీట వాల్చుకుని మా ఆవిడ పక్కన కూర్చున్నారు. ఒక గంట కదల్లేదు. మన గిన్నెలు లెక్కపెడుతోందేమో అనుకున్నాను. నాకు అలాంటి బుద్ధే పుడుతుంది.

రెండోసారి వచ్చినప్పుడు తెలిసింది ఆవిడ ఏం చూశారో. అందరూ తెచ్చినట్టు బిస్కెట్ పొట్లాలు, కూల్‌డ్రింకు సీసాలు తేలేదు. పాత నూలు చీరలు నాలుగు మడతలేసి కుట్టిన మసిగుడ్డలు తెచ్చారు. మా ఆవిడ పొయ్యి మీది గిన్నెలు కొంగుతో దింపి వేళ్ళు కాల్చుకుంటుంది. పెళ్ళైన ముప్ఫై ఏళ్ళలో నేను చూడనిది ఆవిడ గంటలో చూశారు. నాకు పడక్కుర్చీ గుడ్డ తెచ్చారు. నా కుర్చీ గుడ్డ చిరిగి వేలాడుతోంది అప్పటికి. ఎవరూ చూడకుండా మూరతో కొలత తీసుకున్నారట. కాలం చేసిన వాళ్ళాయన పంచెల్ని మడతలు పెట్టి దిట్టంగా కుట్టారు.

వియ్యంకుడికి పాత పంచె గుడ్డ పెడతారా అని నాకు మంట. మొహం మీదే అన్నాను, "బజార్లో కొత్త గుడ్డ దొరకదామ్మా?" అని.

ఆవిడ నవ్వారు. "దొరుకుతుందండి అన్నయ్యగారూ. కానీ కొత్తది నాలుగు నెలలకి సాగిపోతుంది. ఇది ఆయన ఏళ్ళ తరబడి కట్టి ఉతికిన నూలు. ఇంక సాగదు."

సాగలేదు. ఇప్పుడూ దాని మీదే కూర్చుని రాస్తున్నాను.

ఎవరికి ఏమివ్వాలో ఎలా తెలుస్తుంది వదినగారూ అని మా ఆవిడ ఒకసారి అడిగింది. "షాపులో నిలబడితే తెలీదండి. వాళ్ళింట్లో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది" అన్నారు. ఇంకో మాట కూడా అనేవారు. "ఇచ్చింది రోజూ చేతికి తగలాలి. అరిగిపోయాక మట్టిలో కలవాలి. మనం పోయాక కూడా అది ఉండిపోయి ఏం చేస్తుందండీ?"

ఇవన్నీ ఇప్పుడు మెచ్చుకుంటూ రాస్తున్నాను గానీ, అప్పుడు నేను చేసిన పని వేరు.

పెళ్ళైన ఏడాది శ్రావణమాసంలో కోడల్ని దింపడానికి వస్తూ వాళ్ళు సారె తెచ్చారు. మా వైపు సారె అంటే మీకు తెలుసు. అది వచ్చిన ఇంటికి కాదు, వీధికి. ఎన్ని రకాలు, ఎలా పెట్టారు, ఎంతమందికి పంచారు అని ఊరంతా నెల్లాళ్ళు చెప్పుకుంటారు. ఆ ముందు వారమే మా వీధి చివర ఒకాయన ఇంటికి సారె వచ్చింది. తళతళలాడే ప్లాస్టిక్ డబ్బాలు, మూత మీద కొత్త జంట ఫోటో. ఆయన నాకు ఒకటి ఇచ్చి, "మీ వియ్యాలవారు ఎలా పంపుతారో చూద్దాం" అని మీసం మీద చెయ్యి వేశాడు.

మాది వచ్చింది. వ్యాను తలుపు తీస్తే అన్నీ తాటాకు బుట్టలు. ఆవిడ స్వయంగా అల్లినవి. సున్నుండలు, కాజాలు, కజ్జికాయలు ఎండు అరటాకుల్లో చుట్టి అరటి నారతో కట్టారు. ఇంటికో బుట్ట, బుట్టకో కొబ్బరిచిప్ప గరిటె, ఒక చిన్న గుడ్డ మూట. మూట విప్పితే ఆనప గింజలు.

"ఇదేంటమ్మా?" అన్నాను కోడలితో.

"మా అమ్మ పెరటి ఆనప అండి. లేతగా కాస్తుంది. వీధిలో అందరూ వేసుకుంటారని..."

నేను ఇంక వినలేదు. వియ్యపురాలికి భోజనం పెట్టి, చీర పెట్టి, మర్యాదగా పంపించాను. ఆ సాయంత్రమే రావులపాలెం వెళ్ళి ఎర్ర మూతల ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాను. మూతలకి అబ్బాయి, కోడలి ఫోటో స్టిక్కర్లు వేయించాను. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ వాకిట్లోకి వచ్చినవాళ్ళకి "రేపండీ, రేపు పంచుతాం" అని చెప్పాను. మిఠాయిలు విప్పి డబ్బాల్లో సర్దించాను. బుట్టలు, గరిటెలు, గింజల మూటలు అన్నీ పశువుల పాక అటక మీదకి తోయించాను.

మా ఆవిడ డబ్బాలు సర్దుతూ ఒక్క మాట అంది. "సారె వాళ్ళది, మూతలు మీవి. బాగుందండి."

కోడలు కజ్జికాయలు ఒక్కొక్కటీ విరక్కుండా పెట్టింది. తలెత్తలేదు. అంతా వియ్యాలవారే పంపారని వీధంతా చెప్పి పంచాను. అందరూ మెచ్చుకున్నారు. మీసం మీద చెయ్యి ఈసారి నాది.

తర్వాత ఏడేళ్ళు నాకు లోపల ఒకటే భయం. కోడలు తల్లికి చెప్పిందా, చెప్పలేదా? అడగడానికి మొహం చెల్లదు. ఆవిడ వచ్చిన ప్రతిసారీ మొహంలోకి చూసేవాణ్ణి, ఏమైనా తెలుస్తుందేమోనని. ఎప్పుడూ ఒకేలా ఉండేవారు. మనవడు పుడితే మెత్తటి బొంత కుట్టి తెచ్చారు, తాటాకు గిలక చేసి తెచ్చారు. నేను కొన్న బ్యాటరీ కారు మూడోరోజు మూలపడింది. ఆ గిలకని వాడు పళ్ళొచ్చేదాకా నమిలాడు.

పోయినేడు తొలకరికి మా చేలోకి నీరు ఎక్కడం లేదు. తూములో ఏదో అడ్డం పడింది. పక్క చేను కుర్రాడు దిగి చెయ్యి పెట్టి బురదలోంచి ఒకటి లాగాడు. కడిగి చూసి గట్టిగా నవ్వాడు.

"బాబాయ్, మీ అబ్బాయి తూములో దొరికాడు!"

ఎర్ర మూత. సగం ఊడిన స్టిక్కరు మీద మా అబ్బాయి నవ్వుతున్నాడు. కోడలి మొహం ఉన్న సగం లేదు. వాడు ఇంకో రెండు లాగాడు, మూడు లాగాడు. అన్నీ నేను పంచినవే. ఆ మూత పంచెలో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. ఎవరికీ చూపించలేదు.

అప్పుడే వెళ్ళి చెప్పాల్సింది. వెళ్ళలేదు. పౌరుషం అంత తేలిగ్గా వదలదు. ఈ ఏడు ఆవిడకి జబ్బు ముదిరింది. రాజమండ్రి ఆసుపత్రిలో చూసి, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. కోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను చూడ్డానికి బయల్దేరాను. చేతుల్లో ఏం పట్టుకెళ్ళను? ఆపిల్ పళ్ళు తినే స్థితిలో లేరు. ఆవిడ అయితే ఏం చేసేవారా అని చాలాసేపు కూర్చుని ఆలోచించాను. అటక ఎక్కి ఒక తాటాకు బుట్ట దింపాను. మా చెట్టు బొండాలు రెండు లేతవి దింపించి అందులో పెట్టాను.

ఆవిడ మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నారు. పిట్టంత అయిపోయారు. బొండాల వంక చూడలేదు. బుట్టని దగ్గరికి తీసుకుని అంచు చుట్టూ వేలు తిప్పారు.

"నా అల్లికే. ఇంత కొత్తగా ఉందేంటండీ అన్నయ్యగారూ? ఏడేళ్ళు వాడిన బుట్ట నల్లబడాలి, అంచు విరగాలి."

ఇంక దాచేదేముంది. మొత్తం చెప్పాను. డబ్బాలు, స్టిక్కర్లు, అటక, తూము. నిలబడే చెప్పాను. కోడలు పక్కనే ఉంది.

"తప్పు చేశాను చెల్లెమ్మా" అన్నాను. ఆ మాట నేను అన్నది బహుశా అదే మొదలు.

ఆవిడ చాలాసేపు నవ్వారు, దగ్గు వచ్చేదాకా. "నాకు తెలుసండీ."

నేను కోడలి వైపు చూశాను.

"దాన్ని చూడకండి. అది ఒక్క ముక్క చెప్పలేదు. మనవడు పుట్టినప్పుడు వచ్చాను కదా, మీ వీధంతా నడిచాను. ఒక్క ఇంటి మీద ఆనప పాదు లేదు. అంతమందికి గింజలు పంపితే ఒక్కళ్ళయినా వెయ్యరా? అప్పుడే అర్థమైంది."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదండి! ఇంటికొచ్చి రెండు పూటలు అన్నం మానేశాను. కానీ మీ పరువు పోకూడదని మా అమ్మాయి నా దగ్గరే దాచింది. అది దాచిందాన్ని నేను బయటపెడితే దాని పరువేమవుతుంది?"

నా పరువు నేనే కాపాడుకుంటున్నానని ఏడేళ్ళు అనుకున్నాను. ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు పట్టుకుని మోశారు దాన్ని.

"గింజలు ఉన్నాయాండీ?" అన్నారు.

పురుగు పట్టి పొట్టు మిగిలిందని చెప్పాను. కూతురి వంక చూశారు. కోడలు లోపలికి వెళ్ళి చిన్న చిన్న గుడ్డ మూటలు తెచ్చి బుట్టలో పోసింది. నీలం అంచు ఉన్న ఆవిడ పాత చీర ముక్కలవి. "తొలకరి పడింది. మీ చేత్తో పంచండి అన్నయ్యగారూ. ఎవరు పంపారో కూడా మీ నోటితోనే చెప్పండి" అన్నారు. క్షమించానని అనలేదు. పని చెప్పారు. నాలాంటివాడికి అదే తేలిక.

మర్నాడు పొద్దున్నే బుట్ట చంకన పెట్టుకుని బయల్దేరాను. అందరూ చూస్తుండగా, వీధి మధ్యనుంచి. ఎదురింటి అక్క విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏరా, ఏడేళ్ళకి సారె పంచుతున్నావా? ఎక్కడాగిపోయిందిరా వ్యాను?"

"నా దగ్గరే ఆగిపోయింది అక్కా."

"మరి ఆ డబ్బాలు వాళ్ళవేనని అంత గొప్పలు పోయావు?"

"అబద్ధం."

అక్క నా మొహం చూసి, గింజలకి కొంగు పట్టింది. ఇంకో ఇంట్లో ఆ డబ్బా ఇంకా ఉంది. అంచు పగిలింది, అందులో కోళ్ళకి నీళ్ళు పెడుతున్నారు. ఆ మీసాలాయన ఇంటికీ వెళ్ళాను. అక్కడ చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన విని, "మా డబ్బాలు కూడా ఎక్కడున్నాయో ఏ కాలవలో" అని గింజలు జేబులో వేసుకున్నాడు. చివరి ఇంటికి వెళ్ళేసరికి నా ఒళ్ళు జ్వరం తగ్గినట్టు తేలిగ్గా ఉంది.

వారానికి మొలకలు వచ్చాయి. మా అబ్బాయి ఇంటింటికీ వెళ్ళి ఫోన్లో ఫోటోలు తీసి పంపాడు. కోడలు వాళ్ళమ్మకి చూపించింది. ఆవిడ ఒక్కొక్కటీ చూసి, "ఆ మూడో ఇంట్లో నీళ్ళు మరీ ఎక్కువ పోస్తున్నారు, కుళ్ళిపోతుంది, అన్నయ్యగార్ని చెప్పమను" అన్నారట. వెళ్ళి చెప్పాను. ఆ తర్వాత నాలుగో రోజే, అత్తగారిని చూడ్డానికి వెళ్ళిన అబ్బాయి నుంచి ఫోను వచ్చింది.

గరిటెలన్నీ ఇప్పుడు వంటింట్లో ఉన్నాయి. బుట్టల్లో మా ఆవిడ ఉల్లిపాయలు పోసుకుంటోంది, నేను బజారుకి ఒకటి పట్టుకెళ్తున్నాను. అంచులు అప్పుడే నల్లబడుతున్నాయి. అటక మీద వాటి చోట ఆ ఎర్ర మూత ఒక్కటీ పెట్టాను.

మళ్ళీ శ్రావణమాసం. దీపాలు పెట్టే వేళకి పడక్కుర్చీ వీధి వాకిట్లో వేసుకుంటాను. ఆనప పువ్వు పగలు విచ్చుకోదు, ఆ వేళకే విచ్చుకుంటుంది. ఎదురింటి పెంకుల మీద, మీసాలాయన పిట్టగోడ మీద, కోళ్ళగూటి మీద, వీధి పొడుగునా తెల్లగా. మా ఇంటి కప్పు మీద కాసిన మొదటి కాయని నిన్న మా ఆవిడ కోస్తానంది. వద్దన్నాను. అది విత్తనానికి. తొడిమకి ఆ నీలం అంచు గుడ్డ ముక్క కట్టాను, ఎవరూ పొరపాటున కొయ్యకుండా. కాలవ మీదనుంచి గాలి వచ్చినప్పుడల్లా చుట్టూ పువ్వులు ఊగుతాయి, మధ్యలో ఆవిడ చీర ముక్క కూడా ఊగుతుంది.