నోలీన్ పోసిన రెండో కప్పు

పెళ్లయిన నాటి నుంచి నోలీన్ గొర్రెల ఉన్ని కత్తిరించే కూలీలకు వండిపెట్టింది. ఆమె నోటికి జడవని మగాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే, మొగుడు క్లారీ. ఆ తిట్లు వినందే అతనికి తిండి సయించేది కాదు.

ఆ క్లారీ ఎడారి దారిలో లారీ చెడిపోయి, గుక్కెడు నీళ్లు లేక చచ్చిపోయాడు. పక్కనే అతని ఒంటిచెవి కుక్కా చచ్చిపడి ఉంది. ఏదో బండి అక్కడిదాకా వచ్చి, పక్కకు తప్పుకుని వెళ్లిపోయినట్టు ఇసుకలో చక్రాల జాడ ఉంది. ఆగిన బండిని చూసి ఆగనివాణ్ణి ఆ దేశంలో మనిషి కింద జమకట్టరు. అప్పటినుంచి నోలీన్ కోపం నివురుగప్పిన నిప్పే.

ఈ సెలవులకు కూతురు షెరిల్, అల్లుడు డారెన్‌లతో నరసంచారం లేని సముద్రపు ఒడ్డున గుడారం వేసుకుంది. మధ్యాహ్నం ఇసుకదిబ్బ మీద ఒకడు నిలబడి చాలాసేపు వాళ్లనే చూశాడు. షెరిల్ జరిగి తల్లి పక్కన కూర్చుంది.

"నీళ్ల అంచున బండి కూరుకుపోయింది. కాస్త లాగిపెడతారా?" అన్నాడు దిగివచ్చి. ఇసుకలో దిగబడకుండా టైర్లలో కాస్త గాలి తీస్తారు; ఇతను అదీ చెయ్యకుండానే తడి ఇసుకలోకి తోలాడట.

"బుర్రలో గాలి తీసినా సరిపోయేది," అని గొణుగుతూ డారెన్ తాడు కోసం వెళ్లాడు.

గుడారానికి వచ్చినవాడికి ముందు టీ ఇవ్వాలి. నోలీన్ కప్పు అందించింది. "అంతసేపు గుడ్లప్పగించి చూశావేం?"

"ఎలాంటివాళ్లో చూసుకోవద్దూ? నేనెవర్నీ ఊరికే నమ్మను. ఓసారి ఎడారిలో ఒకడు లారీ పక్కన నిలబడి చెయ్యి ఊపాడు. దొంగేమోనని ఆగలేదు. పక్కన ఒంటిచెవి కుక్కొకటి!" నవ్వాడు.

షెరిల్ గబుక్కున తల్లి మొహంలోకి చూసింది. అంతలో డారెన్ తాడు తెచ్చాడు. నోలీన్ దాన్ని లాక్కుని కాళ్ల కింద వేసుకుంది.

"కూర్చో డారెన్. ఈయన ఇంకో కప్పు తాగుతాడు."

"వద్దండీ, సముద్రం పోటెత్తుతోంది, నా బండి..."

"తాగు. ఆ మనిషి ఎంతసేపు ఊపాడు చెయ్యి?"

"ఏమో. అద్దంలో కనిపించినంతసేపూ ఊపుతూనే ఉన్నాడు."

"ఆయన నా మొగుడు."

అతను కప్పు కింద పడేశాడు. దిబ్బ మీదికి పరుగెత్తాడు. అప్పటికే అల బండి కిటికీలు దాటింది. ఏడుస్తూ తిరిగొచ్చి కాళ్లావేళ్లా పడ్డాడు. నోలీన్‌కు ఇన్నాళ్లకు కడుపు చల్లబడింది. అందుకు ఆమె సిగ్గుపడలేదు.

లేచి, నీళ్ల క్యాను అతని చేతిలో పెట్టింది. "మా ఆయనకి నువ్వియ్యనిది ఇదే. రోడ్డు అటుంది, నడువు. బండేదైనా వస్తే చెయ్యి ఊపు. నీలాంటివాడు కాకపోతే ఆగుతాడు."