తోటలో చెకింగ్ అత్త

మా వీధిలో ఒకావిడ ఉంది. ఉద్యోగమంతా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తూ గడిపింది. రిటైరై చాలా కాలమైనా అందరికీ ఆమె చెకింగ్ అత్తే. కూరగాయలవాడు తూకం వేస్తుంటే ఆమె కూరల వైపు చూడదు, అతని వేళ్ల వైపు చూస్తుంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వచ్చిన పనేమిటో తేలాకే తను నవ్వుతుంది. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన చెల్లెలు వచ్చి చేరాక ఇద్దరూ మేడ మీది వాటాలో ఉంటున్నారు.

ఆ వాటా వెనక బాల్కనీలో నిలబడితే మూడు భవనాల మధ్య ఖాళీ స్థలం కనిపిస్తుంది. విరిగిన కుర్చీలూ ఇటుక ముక్కలూ, తమదని ఎవరూ ఒప్పుకోని చెత్తా అక్కడే పడేవి. ఎదురు భవనంలో కొత్తగా అద్దెకు దిగిన డ్రాయింగ్ టీచరమ్మ పదిమందినీ కూడగట్టి అదంతా ఎత్తి పోయించింది. మట్టి తెప్పించి మొక్కలు నాటించింది, బెంచీలు వేయించింది. ఇక ఆదివారం సాయంత్రాలు అక్కడ పాటలూ చిన్న నాటకాలూ ఉంటాయనీ, ఎవరైనా వచ్చి పాల్గొనవచ్చనీ ఇంటింటికీ తిరిగి చెప్పింది.

చెకింగ్ అత్తకి ఇది మింగుడుపడలేదు. టీచరమ్మని గుమ్మంలోనే నిలబెట్టి, ఇంతకుముందు ఎక్కడుండేవారు, అక్కణ్ణుంచి ఎందుకొచ్చేశారు, ఈ మొక్కలు ఎవరిచ్చారు అని వరసగా అడిగింది. టీచరమ్మ అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఆ ఓపికే అత్త అనుమానాన్ని పెంచింది.

తలుపేసి చెల్లెలితో అంది: "దీని వెనక ఎవరో ఉన్నారే. నాలుగు చెట్లు పెరగనీ, అద్దెలు పెంచి మనల్ని సాగనంపుతారు. నువ్వు మాత్రం అటు వెళ్లకు."

చెల్లెలు సరేనంది. ఆదివారం కొత్తిమీర తెస్తానని సంచి పట్టుకుని బయల్దేరి, తోటలో పాట పాడి వచ్చింది. అత్త బాల్కనీలోంచి అంతా చూసింది. చెల్లెలు ఇంటికొచ్చాక కొత్తిమీర ఏదని మాత్రం అడిగింది.

ఆ తర్వాత బాల్కనీ నుంచి సరిగ్గా కనబడటం లేదని తనూ వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోసాగింది. పాడమంటే గొంతు బాగాలేదంది. వేషం వేయమంటే నటించడం రాదంది. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎవరి చెవిలో ఏం చెప్పారు, ఇదే ఆమె చూసింది.

అక్కడికి అందరికంటే ముందొచ్చేది బాకా తాత. వయసులో ఉండగా బ్యాండుమేళంలో బాకా ఊదిన మనిషి. వీధి చివర ఒంటిగదిలో ఒక్కడే ఉంటాడు. ఇప్పుడు ఊపిరి చాలక మధ్యలో ఆగిపోతే, ఆగినంతసేపూ జనం చప్పట్లతో తాళం నడిపేవారు.

ఒక మధ్యాహ్నం తాత ఊళ్లోకి వెళ్లిన సమయంలో టీచరమ్మ ఆ గది తాళం తీసి లోపలికి వెళ్లి, చంకన మూటతో బయటికి రావడం అత్త కంటపడింది. ఒంటరి ముసలాయన తాళంచెవి ఈమె చేతికి ఎలా వచ్చింది? అడిగేస్తే పోయేదేముందని చెల్లెలు బతిమాలింది. అత్త వినలేదు. అడిగితే జాగ్రత్తపడతారు, చేతికి చిక్కాకే అడగాలని ఆమె లెక్క.

తర్వాతి ఆదివారం టీచరమ్మ రాలేదు. తాతా రాలేదు. టీచరమ్మ ఏదో పని మీద ఊరెళ్లిందన్నారు. తాత ఆమెతోనే వెళ్లుంటాడని ఒకరు, పోయినవారం తన బాకాకి సమయం తగ్గించారని అలిగుంటాడని మరొకరు అన్నారు. నాటకం మొదలైంది. ముసలాయన్ని ఏం చేసిందో, ఏం పట్టుకుని ఉడాయించిందో అని అత్తకి కాలు నిలవలేదు. చెల్లెల్ని రెక్క పట్టుకు లేపి వీధి చివరికి నడిచింది.

గది తలుపు మూసి ఉంది, బయట తాళం లేదు. గడప పక్కన తాత చెప్పులున్నాయి. కిటికీ సందులోంచి చూస్తే బాకా మేకుకి వేలాడుతోంది. దొంగతనమైతే ముందు అదే పోవాలి. ఊరెళ్తే చెప్పులు ఉండకూడదు. అత్త తలుపు బాది, చెవి ఆనించి విన్నది. లోపల ఎక్కడో చెంబుతో నేల మీద కొడుతున్నట్టు సన్నటి చప్పుడు.

"వెళ్లి అందర్నీ పిల్చుకురా," అంది చెల్లెలితో. "నాటకం మధ్యలో ఉన్నా సరే, ఆపించు."

వడ్రంగి వచ్చి గడియ ఊడగొట్టాడు. తాత నీళ్లగదిలో జారిపడి, తుంటి విరిగి, ముందురోజు నుంచీ అక్కడే పడి ఉన్నాడు. నాటకంలో మంచంగా వేసిన చెక్క మీదే ఆయన్ని పడుకోబెట్టి మోశారు. రాజు వేషం వేసిన వ్యాను డ్రైవరు కిరీటం తీయడం మరిచి ఆసుపత్రిదాకా అలాగే నడిపాడు.

టీచరమ్మ మర్నాడు ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. మూటలో ఉన్నవి తాత దుప్పట్లు, ఉతకడానికి తీసుకెళ్లింది. తాళంచెవి తాతే ఇచ్చాడు. ఈ మాట తాత నోటి నుంచి వచ్చింది కాబట్టి అత్త నమ్మింది.

వరండాలోకి వచ్చాక టీచరమ్మ మొహం మీదే, "నువ్వు దొంగవనుకున్నాను," అంది.

"తెలుసండీ. మీరు అందర్నీ కనిపెడుతూనే ఉంటారు కదా. అందుకే ధైర్యంగా ఊరెళ్లాను."

అత్త కరిగిపోలేదు. ఇది పొగడ్తో, తప్పించుకోవడమో అని కాసేపు మొహంలోకి చూసి, "ఇంకా ఎవరెవరి తాళాలున్నాయి నీ దగ్గర?" అని అడిగింది.

ఇంకో ఇద్దరివి ఉన్నాయి. ఒంటరిగా ఉండేవాళ్ల తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలనీ, ఆదివారం రానివాళ్ల తలుపు ఆ పూటే తట్టాలనీ అత్త తోటలో పట్టుబట్టింది. తట్టే పని తనే తీసుకుంది. అది కొందరికి నచ్చలేదు. సినిమాకెళ్తే కూడా నీకు చెప్పి వెళ్లాలా అని ఒకామె విసుక్కుంటే, చెప్పాలంది.

అద్దెల సంగతిలో ఆమె అనుమానం వట్టిది కాదు. చెట్లు కిటికీల ఎత్తుకి వచ్చాక, గాలీ నీడా బాగున్నాయంటూ అత్తవాళ్ల ఇంటి ఓనరు అద్దె పెంచబోయాడు. తోటలోని వాళ్లంతా వెళ్లి ఆయన హాలు నిండా కూర్చుంటే కొంత తగ్గాడు, పూర్తిగా తగ్గలేదు. నేను ముందే చెప్పలేదూ అని అత్త చెల్లెల్ని ఆ వారమంతా సతాయించింది.

తాత చేతికర్రతో తిరిగొచ్చిన సాయంత్రం బాకా కాసేపే ఊదగలిగాడు. జనం చప్పట్లు కొడుతుండగానే అత్త లేచి ఆయన దగ్గరికి వెళ్లింది.

"మాత్రలు వేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా."

"ఏదీ, చూపించండి."

తాత జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. ఆ పూట వేసుకోవాల్సింది అందులోనే ఉంది. అత్త నీళ్లసీసా మూత తీసి ఆయన చేతికిచ్చి, మింగేదాకా అక్కడే నిలబడింది. మింగాక నోరు తెరవమంది.