రేకుల కింద మేనమామ

ఆ రోజుల్లో కొత్తగా పెళ్లయిన విలేకరికి ఊళ్లో నమస్కారాలు దొరికేవి గానీ, అద్దెకు స్లాబు ఇల్లు దొరికేది కాదు. మరిపెడలో నాకు దొరికింది మేడమీద ఏటవాలు రేకుల గది. వేడి దిగకుండా రేకుల కింద థర్మాకోల్ అట్టలు బిగించి ఉండేవి. ఆ వేసవిలో కోతులు పైన ఎగిరీ దూకీ, సరిగ్గా మంచానికి పైనున్న అట్టలనే రాల్చేశాయి. మా ఆవిడ కొన్నాళ్లు ఓర్చుకుని, "సీలింగ్ అయినంక ఫోన్ చెయ్. అప్పటిదాక నేను రాను" అని చిల్పూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది.

థర్మాకోల్ పనివాళ్లందరూ పెళ్లి స్టేజీలు కట్టడానికి పోయారు. చివరికి ఫ్లెక్సీ దుకాణం నడిపే బ్యానర్ అన్న (అందరం అలాగే పిలిచేవాళ్లం) ఆదుకున్నాడు. "తమ్మీ, బర్రెల కొట్టం సల్లగ ఎందుకుంటది? పైన గడ్డి ఉంటది గన్క. మనం గూడ గడ్డి కుక్కుదాం, కింద నా దుకాణంల ఉన్న పాత ఫ్లెక్సీ కొడదాం" అన్నాడు. తెల్లవైపు రేకులకు ఉంటే వేడి వెనక్కి పోతుందని, బొమ్మవైపు కిందికి పెట్టించాడు. స్టూలెక్కి చెక్కపట్టీలకు మేకులు కొడుతుంటే నాకొక చెవి, సగం మీసం, చేతి గడియారం మాత్రమే కనిపించాయి. పని కాగానే గర్వంగా ఫోన్ చేశాను.

ఆమె వచ్చి, సంచి దింపి మంచం మీద వాలింది. నేను మెప్పు కోసం నిలబడ్డాను. ఏటవాలు కప్పు మీంచి, మంచం మీదికి వంగినట్టుగా, ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్నాడు.

"గాయన ఎవరో ఎరుకేనా?" అంది.

ఎవరో లీడరన్నాను.

"మా మేనమామ. తరిగొప్పులాయన. మన పెండ్లిల నీకు వాచీ పెట్టింది గాయనే."

(రోజూ ఫొటోల కింద నాయకుల పేర్లు రాసి పంపడమే నా ఉద్యోగం.)

ఆమె మళ్లీ సంచి అందుకుంది. సాయంత్రం బస్సు ఇంకా పోలేదని ఇద్దరికీ తెలుసు. "మామ సూస్తుంటే గీ మంచం మీద ఎట్ల పండాలె?" అంది. థర్మాకోల్ వచ్చేదాకా ఆగమని బతిమాలాను, మామ మొహానికి దుప్పటి కడతానన్నాను. నా వాలకం చూసి ఏమనుకుందో, సంచి మూలకు పెట్టి, కొంగు దోపి తనే స్టూలెక్కింది.

"పట్టుకో. మామను రేకుల దిక్కు తిప్పుదాం. ఎండ సంగతి ఆయన సూసుకుంటడు."

మేకులు పీకగానే గడ్డి అంతా మా నెత్తిన కూలింది. తుమ్ముతూ, నవ్వుతూ, మళ్లీ కుక్కి కొట్టేసరికి పొద్దు గూకింది. గది చల్లబడిందని ప్రమాణం చేయలేను. ఆమె మాత్రం బస్సెక్కలేదు.

ఇప్పుడు స్లాబు కింద ఏసీ వేసుకుని, చలేస్తే దుప్పటి కప్పుకుంటున్నాను. జుట్టు నిండా వరిగడ్డితో, ఆ తెల్లటి ఫ్లెక్సీ కేసి చూస్తూ ఇల్లే కట్టినంత సంబరపడిన కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడి మీద కాస్త ఈర్ష్య కూడా.