చేపల తొట్టి కింద అట్ట

మా హాల్లో చేపల తొట్టి నింపిన సాయంత్రమే నీళ్లు ఒరిగి ఉన్నాయని కనిపెట్టాను. గోడ వైపు గాజు అంచుకీ నీటికీ మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి. గుమ్మం వైపు మూడే పడుతున్నాయి. రెండుసార్లు చెయ్యి పెట్టి చూసి, మూడోసారి చూడకుండా వెళ్లి టీవీ ముందు కూర్చున్నాను.

ఆ తొట్టి మా అమ్మాయి కోసం కొన్నది. దానికి అప్పుడు నాలుగేళ్లు. కాశీబుగ్గలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సూది పేరు వినగానే వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చేది. ఒకరోజు ఆయన గదిలో కొత్తగా చేపల తొట్టి పెట్టించారు. ఆ రోజు అది ఏడవలేదు. గాజుకు ముక్కు ఆనించి అలా నిలబడిపోయింది. ఇంటికొచ్చాక కూడా చేపల మాటే. నేను టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తాని. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల వెనక వీధిలో అద్దెకుంటూ రోజూ బండి మీద వెళ్లి వస్తాను. ఆ నెలలోనే మూడడుగుల తొట్టి కొని, దాని కిందకి ఇనప స్టాండు వెల్డింగు షాపులో చేయించాను.

తొట్టి అమ్మినతను ఒకే మాట రెండుసార్లు చెప్పాడు. "స్టాండు మీద సెక్క ఎయ్యి బాబూ. సెక్క మీద థర్మాకోల్ ఎయ్యి. దాని మీదే తొట్టి పెట్టు. మట్టం సూసుకోకుండా నీళ్లు పొయ్యకు."

థర్మాకోల్ షీటు కొన్నాను కూడా. బండి మీద తెస్తుంటే గాలికి రెండు ముక్కలై, ఒక ముక్క రైల్వే గేటు దగ్గర ఎగిరిపోయింది. మళ్లీ వెనక్కి వెళ్లడానికి బద్ధకించాను. చెక్క సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. ఫ్యాను వచ్చిన అట్టపెట్టె విప్పి, స్టాండు మీద పరిచి, దాని మీదే తొట్టి పెట్టేశాను. మా హాలు నేల గుమ్మం వైపు కాస్త వాలుగా ఉంటుంది, కడిగిన నీళ్లు బయటికి పోవడానికి. అటువైపు స్టాండు కాలు కింద పగిలిన టైలు ముక్క ఒకటి దోపాను.

"మట్టంగా ఉందా బావా?" అని అడిగింది మా ఆవిడ. ఆమె మా మేనమామ కూతురే. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే.

"అంతా సరి సేసీసేను," అన్నాను.

ఆ అబద్ధం చెప్పిన దగ్గర్నుంచి నాకు భయం పట్టుకుంది. ఫ్యాక్టరీకి జీడిపిక్కల లారీ వీధిలోకి వస్తే తొట్టిలో నీళ్ల మీద సన్నటి ముడతలు లేచేవి. మా అమ్మాయి స్టాండుకు వీపు ఆనించుకుని బొమ్మలతో ఆడుకునేది. "దూరంగా ఆడుకోమ్మా" అంటే "ఎందుకు?" అనేది. నీళ్లు తోడేసి మళ్లీ పెట్టాలంటే ముందు మా ఆవిడ దగ్గర అబద్ధం ఒప్పుకోవాలి. ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని నీళ్ల బరువు లెక్కేసేవాణ్ని. వంద లీటర్లంటే వంద కిలోలు. రాళ్లూ గాజూ వేరే. అదంతా ఒక అట్ట మీద ఉంది. రేపు చేద్దాం, ఆదివారం చేద్దాం అనుకుంటూ రోజులు గడిపేశాను.

ఆదివారం ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం ఆఫీసుకి ఫోను వచ్చింది.

"బావా, తొట్టి కాడ టక్కుమని శబ్దమొచ్చింది. సూత్తే ఏటీ కనబడట్లేదు," అంది మా ఆవిడ.

"పిల్లేదీ?"

"ఇక్కడే. తొట్టి ముందరే ఆడుకుంతంది."

నా చేతిలో పెన్ను ఎక్కడ పడిందో తెలియదు. "దాన్ని ఎత్తుకుని ఎనక గదిలోకి ఎల్లిపో. తలుపేసీ. నేనొచ్చీదాకా హాల్లోకి రాకు."

"ఏటయింది బావా? సరి సేసేనన్నావు కదా?"

"ముందు ఎల్లు. వచ్చి సెప్తాను."

మా మావ భావనపాడులో పడవలకు మరమ్మతు చేస్తాడు. ఆ రోజు మేకులు కొనడానికి టెక్కలి వచ్చాడని నాకు తెలుసు. ఫోను చేసి, దుకాణం దగ్గరే ఆయన్ని బండెక్కించుకున్నాను.

"మొకం ఏటి అలాగైపోనాది?" అన్నాడు.

హైవే ఎక్కాక గాలికి అరుస్తూ జరిగిందంతా చెప్పాను. థర్మాకోల్ ఎగిరిపోవడం, అట్ట, టైలు ముక్క, ఆయన కూతురు అడిగితే నేను చెప్పిన అబద్ధం. ఆయన వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "బండి మెల్లగా పోనీ. దారిలో నువ్వు పడిపోతే ఆ తొట్టి ఎవుడు దించుతాడు?"

సగం దారిలో ఆపి ఇంటికి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అక్కడి నుంచి పలాస దాకా నా కళ్లకు రోడ్డు కనబడలేదు. తడి నేల, గాజు పెంకులు, మా అమ్మాయి ఎర్ర గౌను, ఇవే కనబడ్డాయి.

ఇంటి తలుపు తోసేసరికి తొట్టి పెట్టినచోటే నిండుగా ఉంది. మా ఆవిడ ఫోను హాల్లో బల్ల మీద ఉంది. నేను రావద్దన్నానని, మోగుతున్నా బయటికి రాలేదట. వెనక గదిలోంచి అమ్మాయి అలిగి తలుపు బాదుతున్న చప్పుడు వినబడింది. అంత తీయని చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

మావ ముందు ప్లగ్గులన్నీ పీకించాడు. తర్వాత నేల మీద బోర్లా పడుకుని ఫోను లైటు వేసి తొట్టి అడుగు చూశాడు. గుమ్మం వైపు మూల దగ్గర ఒక నీటి బొట్టు ఊరి, బరువెక్కి, రాలింది. వెంటనే ఇంకొకటి.

"కారతంది. ఎదురుగా నిలబడకు, పక్కకి రా," అన్నాడు.

చేపల్ని వలతో పట్టి బకెట్లో వేశాను. ఒక చేప రెండుసార్లు జారిపోయింది. మావ గొట్టం ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోటితో పీల్చి గుమ్మంలోకి వదిలాడు. నీళ్లు మెల్లగా దిగుతున్నాయి. నేను గోడకు అతుక్కుని ఆ గాజునే చూస్తున్నాను. సగానికి దిగాయో లేదో మళ్లీ టక్కుమంది. ఈసారి కళ్లారా చూశాం. అడుగు గాజు మూల నుంచి జానెడు పొడవున తెల్లటి గీత పాకింది. మిగిలిన నీళ్లు రాళ్ల మధ్య నుంచి జారి మా పాదాలు తడిపాయి. అంతకంటే ఏమీ కాలేదు.

తొట్టి ఎత్తి పక్కన పెట్టాక మావ నా వేలు పట్టుకుని స్టాండు మూల మీద ఆనించాడు. నానిన అట్ట కింద బియ్యపు గింజంత వెల్డింగు బొడిపె తగిలింది.

"బరువంతా దీని మీదే నిలబడ్డాది. పడవని ఒడ్డుకి లాగితే మేం కింద దుంగలేసి, నాలుగు మూలలా తట్టి సూసుకుంతాం. నువ్వు అట్టని నమ్మీసేవు," అన్నాడు.

మా ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది. ఆమెకు ఎదురుగా నిలబడి నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. నేల మీద నీళ్లు చూస్తూ నెమ్మదిగా అంది, "పొద్దున్న అది ఆ స్టాండుకి ఆనుకుని నిద్దరోయింది బావా. లేపడం ఎందుకని తల కింద తలగడ కూడా పెట్టేను."

నేను గుడ్డ తెచ్చి ఆ నీళ్లు తుడవడం మొదలుపెట్టాను.

రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే, "మళ్లీ పెడదాం. ఈపాలి నేనూ ఉంతాను," అంది. ఈసారి రెండడుగుల తొట్టి కొన్నాం. థర్మాకోల్ షీటు ఆమె ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మావ చక్కగా చిత్రిక పట్టిన చెక్క తెచ్చాడు. స్టాండు మీది బొడిపెలన్నీ ఆకురాయితో అరగదీశాడు. మేస్త్రీని అడిగి తెచ్చిన రసమట్టం నిలువునా అడ్డంగా పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా కాళ్ల కింద రేకు ముక్కలు సర్దాం. చెక్క, దాని మీద థర్మాకోల్, దాని మీద తొట్టి. పావు వంతు నీళ్లు పోసి ఒక రోజు ఆగాం. మా ఆవిడ స్కేలు పెట్టి రెండు వైపులా కొలిచి, నన్ను కూడా కొలవమంది. అలా నాలుగు రోజులకు నింపాం.

చేపల్ని వదిలిన రోజు మా అమ్మాయి పరుగున వచ్చి గాజుకు రెండు చేతులూ ఆనించింది. నాకు తెలియకుండానే దాన్ని జబ్బ పట్టి వెనక్కి గుంజేశాను. నొప్పి పుట్టి ఏడ్చింది.

"ముట్టుకోనీ బావా," అంది మా ఆవిడ. "మట్టం నేనూ సూసేను కదా."

చెయ్యి వదిలాను. అది కళ్లు తుడుచుకుని మళ్లీ గాజు దగ్గరికి వెళ్లింది. దాని వెనకే నేల మీద కూర్చున్నాను. విసుగొచ్చి బొమ్మల దగ్గరికి వెళ్లేదాకా, తాకీ తాకకుండా నా రెండు చేతులూ దాని చుట్టూ చాపుకునే ఉన్నాను.