ఘాటు మలుపులో రాళ్ల కుప్ప

మొన్న ఉట్నూరులో పెళ్లికి పోతుంటే, ఘాటు రోడ్డు మలుపులో డ్రైవరు అడగకుండానే కారాపి, రాయొకటి ఏరి రోడ్డు పక్క కుప్ప మీద పెట్టి వచ్చాడు. ఎందుకు నాయనా అంటే, "ఏమో సార్, అందరు పెడ్తరు" అన్నాడు. ఒకప్పుడు ఆ కుప్పను లేకుండా చేసిన మహానుభావుణ్ణి నేనే మరి.

డెబ్బైల చివర్లో, మన ఈడువాళ్లకు మీసాల కంటే ముందు పెత్తనం వచ్చిన రోజుల్లో, రోడ్ల శాఖలో కొత్తగా చేరిన నాకు, తెల్లదొరల పటాలంతో తలపడి గోండులు నేలకొరిగిన ఆ మలుపులో, కింది లోయంతా కనబడేట్టు ఒక అరుగు కట్టించి వాళ్ల పేర శిలాఫలకం నిలబెట్టే పని అప్పగించారు. ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారని పైనుంచి ఒకటే తొందర, రాళ్ల లారీ చూస్తే రాదు. పక్కనే నిలువెత్తు రాళ్ల కుప్ప ఉండగా పడిగాపులెందుకని, దాన్నే అరుగులో వేసి కట్టించాను. మా గ్యాంగు కూలీలెవరూ దాన్ని ముట్టలేదు. బద్ధకమనుకుని తిట్టి, పొరుగూరి కూలీలను పిలిపించాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మర్నాడు పొద్దున చూస్తే, మా గ్యాంగులో కంకర కొట్టే ముసలవ్వ ఆ బోసి నేల మీద కూలబడి ఉంది. "మా ముత్తాత గీడనే పడ్డడు సారూ. పీనుగు గూడ ఇయ్యలే. వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు తలా ఒక రాయి పెట్టిన్రు, గదే మాకు సమాధి" అంది. ఏడవలేదు, తిట్టలేదు, తిట్టినా బాగుండేది. తల కొట్టేసినట్టయింది నాకు.

ఉద్యోగం పోతే పోయిందని, అరుగు విప్పించి ఆ రాళ్లు మళ్లీ పేర్పిస్తానన్నాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. "కట్టింది కూలగొట్టకు బిడ్డా. నువ్వొకటి పెట్టు, నేనొకటి పెడ్త. ఎనకొచ్చేటోళ్లు ఆళ్లే పెడ్తరు" అంది. మొదటి రాయి నేనే పెట్టాను. మంత్రిగారు వచ్చేనాటికి అది మోకాలెత్తు కూడా కాలేదు, ఆయన కంటబడనూ లేదు.

ఇప్పుడు అవ్వ లేదు. నేను దగ్గరుండి చెక్కించిన అక్షరాలు వానలకు అరిగిపోయాయి, పిల్లలు అరుగెక్కి ఫొటోలు దిగుతారే తప్ప ఫలకం వైపు చూడరు. కుప్ప మాత్రం నా ఛాతీ దాకా పెరిగింది. ఆనాటివాళ్లు ఎందుకో తెలిసి పెట్టేవారు, వీళ్లు తెలియకుండానే పెడుతున్నారు. చెయ్యయితే ఆగలేదు కదా అని ఎంత సంతోషమేసిందో! ముహూర్తం దాటిపోతుందని మా ఇంటావిడ కేకలేస్తున్నా దిగి నేనూ ఒకటి పెట్టి వచ్చి, ఉట్నూరు చేరేదాకా ఆ డ్రైవరబ్బాయికి అవ్వ సంగతి చెబుతూనే ఉన్నాను.

తిరిగొచ్చేటప్పుడు అతను మళ్లీ అక్కడ కారాపాడు. ఈసారి రెండు రాళ్లు పెట్టాడు. రెండోది అవ్వకట.