వదిన సాక్ష్యం

పోయిన వారం బీపీ మాత్రల కోసం బందరు కోనేరు సెంటరులో మందుల షాపు ముందు నిలబడి ఉంటే, నా పక్కన ఒక అమ్మాయి స్కూటీ తాళాలు వేలికి తిప్పుకుంటూ ఏదో ఇంజెక్షను పేరు చెప్పింది. షాపతను ఫ్రిజ్ తెరిచి, పెరుగు ప్యాకెట్టు తీసి ఇచ్చినంత మామూలుగా ఒక చిన్న డబ్బా తీసి, ఐసు పెట్టిన సంచిలో వేసి ఆమె చేతికిచ్చాడు. ఆ పేరు చెవిన పడగానే నేను నా మాత్రల సంగతి మరిచిపోయి ఆ పిల్ల వేళ్ళవంకే చూస్తూ ఉండిపోయాను. తిన్నగా, సన్నగా, కణుపుల దగ్గర ఎక్కడా వాపన్నది లేకుండా ఉన్నాయి. నర్సుగా చేసి రిటైరైనదాన్ని కనక నోరు ఊరుకోక ఎవరికమ్మా అని అడిగాను. నాకే ఆంటీ, కీళ్ళవాతం, నేనే పొట్టకి పొడుచుకుంటాను అని నవ్వేసి, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. షాపతను రెండుసార్లు పిలిస్తేగాని నేను ఈ లోకంలోకి రాలేదు.

ఆ మందుకి ఇంకా బజారులో పేరంటూ లేనప్పుడు, మా గుడివాడ ఆసుపత్రి ఫ్రిజ్‌లో అంకెలు మాత్రమే రాసివున్న డబ్బాలుగా ఉన్న రోజుల్లోనే మా వదిన దాన్ని వేయించుకుంది. వదిన అంటే మా అన్నయ్య భార్య అని చెప్పేస్తే మాట అయిపోతుంది గాని, నా సంగతి అలా చెప్పేస్తే తేలేది కాదు. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. కృత్తివెన్ను దగ్గర పల్లెనుంచి కొత్త కోడలిగా చిలకలపూడిలో మా ఇంట్లో అడుగుపెట్టిన వదిన, మొదటిరోజే నన్ను రెండు మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని పేలు చూసి, నూనె రాసి, రెండు జడలు వేసింది. ఆ రోజు మొదలు నాకు ఉద్యోగం వచ్చేదాకా నా తల మరొకరి చేతికి వెళ్ళలేదు. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, మా ఇంట్లో ఆడపడుచు ఆమెకి పెద్దకూతురైంది.

వదిన చేతులు పనిమంతుల చేతులు. మన ఈడువాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో చిలకలపూడిలో గడప గడపనా గిల్టు నగల పనే ఉండేది. మా అన్నయ్య బడిపంతులు జీతానికి తోడుగా వదిన ఇంట్లో కూర్చుని నెక్లెసులకు రాళ్ళు అతికేది. ఆవగింజంత రాయిని పట్టకారుతో పట్టి, దాని గుంటలో దాన్ని కూర్చోబెట్టడం ఆమెకి కందిపప్పు ఏరినంత తేలిక. ఆ చేతులకే తెగులు పట్టింది. మొదట పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవడం లేదని వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చునేది. తర్వాత కణుపులు వాచాయి. తర్వాత పట్టకారు జారిపోవడం మొదలై, రాళ్ళ పని మానేసింది. చివరికి అన్నం కలుపుకోలేని రోజు వచ్చింది. స్పూనుతో తింటూ, దొరసానినయ్యానమ్మాయ్ అని నన్ను నవ్వించేది. నేను నవ్వి, పెరట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

వావిలాకు కాపడాలు అయ్యాయి, ప్రార్థన చేసిచ్చిన నూనె అయింది, సైకిలు మీద వచ్చే డాక్టరు ఇచ్చిన తెల్లమాత్రలు అయ్యాయి. ఆ మాత్రలకి నొప్పి తగ్గినట్టే తగ్గి ముఖమంతా ఉబ్బిపోతే, ఊళ్ళోవాళ్ళు ఒళ్ళు చేశావే అని మెచ్చుకున్నారు. అప్పటికి నేను గుడివాడలో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. ఒంటికి కాపలా కాయవలసిన శక్తే తిరగబడి కీళ్ళని తినేస్తుందని, కంచే చేను మేసినట్టు అన్నమాట అని మా పెద్ద డాక్టరుగారు అర్థమయ్యేలా చెప్పారు. ఆ కాపలాని కాస్త అదుపు చేసే కొత్త ఇంజెక్షను మీద అప్పుడే మా ఆసుపత్రిలో పరిశోధన మొదలైంది. చేరినవాళ్ళలో సగం మందికి మందు, సగం మందికి మందులేని ఉత్త నీళ్ళలాంటి ఇంజెక్షను. ఎవరికేది వెళ్తోందో వేసే మాకూ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. ఇదంతా విడమరిచి చెప్పి, నీకు నీళ్ళే రావచ్చు వదినా అన్నాను. నీళ్ళని ద్రాక్షారసం చేసినాయన ఉన్నాడులే అంది.

నేను సొంతమనిషిని కనక ఆమె పరీక్షల్లో నేను వేలు పెట్టకూడదని నియమం. నాతో పనిచేసే మరో సిస్టరు ఆ పని చూసేది. గాలి నింపిన సంచిని పిడికిలితో నొక్కించి బలం చూసేవారు, ఒక్కో కీలునీ నొక్కి వాపు చూసేవారు, చివరికి కాగితం మీద ఒక గీత చూపించి, ఈ చివర నొప్పే లేదు, ఆ చివర భరించలేనంత, నువ్వెక్కడున్నావో గుర్తు పెట్టమ్మా అనేవారు. వదిన గుర్తు ప్రతిసారీ నొప్పి లేని చివరకే జరిగేది. కష్టం చెప్పుకోవడం వాళ్ళ పుట్టింట్లో లేదు. పెద్దవాళ్ళు ఎలా ఉన్నావని అడిగితే, బాగున్నానండీ అనడం మర్యాద, అంతే. డాక్టరు గారికంటే పెద్దవాళ్ళెవరు? మర్యాదకి గీత ఇవ్వలేదు వదినా, నొప్పికి ఇచ్చారు అని నేను మందలిస్తే, అంత దూరం నుంచి బాధలు చెప్పడానికే వచ్చిందా అనుకోరూ అనేది.

కొన్ని నెలలకి వేళ్ళు విచ్చుకున్నాయి. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఒక ఆదివారం నేను చిలకలపూడి వెళ్ళేసరికి వదిన పీట మీద కూర్చుని ఆవకాయన్నం వేళ్ళతో కలుపుకుని ముద్దలు చేస్తోంది. నన్ను చూసి, ఒక ముద్ద నా నోట్లో పెట్టింది. ఆ మధ్యాహ్నం నెరుస్తున్న నా తలకి నూనె రాసి జడ వేసింది. నలభై దాటిన ఆడమనిషిని, నర్సు ఉద్యోగం వెలగబెడుతున్నదాన్ని, మోకాళ్ళ మధ్య కూర్చుని చిన్నపిల్లలా ఉండిపోయాను. దేవుడికీ డాక్టరుకీ ఇద్దరికీ దండం పెట్టుకున్నాను.

మా చర్చి సంఘంలో మేలు పొందినవాళ్ళు ఆరాధనలో నిలబడి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఉద్యోగం వచ్చినా, కాన్పు సుఖంగా అయినా, ఉప్పెనలో బతికి బయటపడినా, నలుగురిలో చెప్పి స్తోత్రం అనాలి. మనసులో దాచుకుంటే కృతఘ్నత. వదిన అలాంటి ఒక కృతజ్ఞత కూడికలో లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు ముడిచి విప్పి చూపించింది. డాక్టరుగారి పేరూ చెప్పింది, మందు పేరు తెలియదంది, దేవుడు నన్ను బాగుచేశాడంది. ముసలమ్మలు వచ్చి ఆమె వేళ్ళు తడిమి చూసి కళ్ళకద్దుకున్నారు. అక్కణ్ణుంచి ఆమెని పాస్టరుగారు అవనిగడ్డ తీసుకువెళ్ళారు, కోడూరు తీసుకువెళ్ళారు, నాగాయలంకలో పందిరి వేసి మరీ చెప్పించారు. ఎప్పుడూ నలుగురిలో నోరెత్తని మా వదిన దివిసీమంతా తిరిగి సాక్ష్యం చెప్పింది. కీళ్ళు పట్టేసినవాళ్ళు ఆమె మాట విని, గుడివాడ బస్సెక్కి మా ఆసుపత్రికి వచ్చేవారు. చేతుల అక్కగారు పంపించారండీ అనేవారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

జ్వరం ఎప్పుడు మొదలైందో మాకెవరికీ తెలియదు. ఆ ఇంజెక్షను కాపలాని అదుపు చేస్తుంది కనక, ఊపిరితిత్తుల్లో ఎప్పటిదో క్షయ నిద్రపోతూ ఉంటే అది లేచే ప్రమాదం ఉందని డాక్టరుగారు ముందే చెప్పారు. మొదట్లో ఎక్స్‌రే తీసి, చర్మానికి పరీక్ష చేసి, ఏమీ లేదనుకున్నాకే చేర్చుకున్నారు. దగ్గు వచ్చినా, సాయంత్రం ఒళ్ళు వెచ్చబడినా ఆ పూటే చెప్పాలని ప్రతిసారీ చెప్పేవారు. వదిన వచ్చేది పొద్దుటిపూట, జ్వరం వచ్చేది పొద్దువాలాక. పైగా జ్వరం మాత్ర వేసుకుని మరీ బస్సెక్కేదని తర్వాత తెలిసింది. బరువు తగ్గిందేమమ్మా అని సిస్టరు అడిగితే, శ్రమల దినాలు కదండీ, ఉపవాసం ఉంటున్నాను అంది. మా ఇళ్ళల్లో ఈస్టరు ముందు ఆడవాళ్ళు పూటలు మానడం అందరికీ తెలిసినదే. ఆ సిస్టరూ మా సంఘం మనిషే, ఆమె కూడా ఉపవాసంలోనే ఉంది. ఇంకేం అనుమానం వస్తుంది?

ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం నేను చిలకలపూడి వెళ్ళాను. వదిన జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది. భోజనాలయ్యాక రా తల దువ్వుతానంది. జడ అల్లుతున్న చెయ్యి నా మెడకి తగిలింది. పెనంలా కాలిపోతోంది. నేను వెనక్కి తిరిగి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆమె చెయ్యి లాక్కోలేదు, నా ముఖంలోకి చూడనూ లేదు. ఆ సాయంత్రమే కారు మాట్లాడి గుడివాడ తీసుకువచ్చాను. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, క్షయ లేచిందమ్మా అన్నారు. నియమం ప్రకారం, ఆమెకి మందు వెళ్ళిందో నీళ్ళు వెళ్ళాయో రాసి మూసిపెట్టిన కవరు విప్పి చూశారు. మందే వెళ్ళింది.

ఇంజెక్షను ఆపేశారు, క్షయకి మందులు మొదలుపెట్టారు. మంచం పక్కన కూర్చుని నేను ఆమెని తిట్టాను. పక్కమంచాలవాళ్ళు వింటున్నారని కూడా చూడకుండా తిట్టాను. అంత జ్వరంతో బాగున్నానని ఎలా చెప్పావు, ఎవరి కోసం చెప్పావు అన్నాను. ఆమె నన్ను తిట్టనిచ్చి, నేను ఆయాసపడి ఆగాక అంది:

"సంఘమంతా చూస్తుండగా బాగయ్యానని చెప్పాను కదమ్మాయ్. మళ్ళీ నేనే లేచి ఒంట్లో బాగాలేదంటే, నన్ను చూసి నమ్మినవాళ్ళు ఏమైపోతారు?"

చేతులు బాగుపడిన మాట నిజమే వదినా, జ్వరం వచ్చిన మాటా నిజమే, రెండూ చెప్పినా దేవుడేం చిన్నబోడు అన్నాను. ఏమో, నాకంత తెలియదు అంది. పెద్ద డాక్టరుగారు వచ్చి ఎలా ఉందమ్మా అని అడిగితే, ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతోనే, బాగున్నానండీ అంది. ఆయన గబగబా గది బయటికి వెళ్ళిపోయారు.

ఇంజెక్షను ఆగిన కొన్ని వారాలకే వేళ్ళు మళ్ళీ వాచాయి. విచ్చుకున్న వేళ్ళు ఒక్కొక్కటే మూసుకుపోవడం నేను రోజూ చూశాను. అన్నం నేనే కలిపి తినిపించేదాన్ని. ఒక మధ్యాహ్నం, అన్నయ్య కాఫీకని బయటికి వెళ్ళినప్పుడు, నన్ను దగ్గరికి వంగమని, ఎవరైనా వింటారేమోనన్నట్టు తలుపు వంక చూసి, చాలా నొప్పిగా ఉందమ్మాయ్, ఓర్చుకోలేకపోతున్నాను, ఎవరితో అనకు అంది. నాకు తెలిసి ఆమె తన బాధ ఒక మనిషికి చెప్పడం అదొక్కసారే. నేను ఆ వాచిన చేతులు రెండూ నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రోహిణీకార్తె ఎండల్లో వదిన వెళ్ళిపోయింది.

భూస్థాపనకి దివిసీమ నుంచి బస్సుల్లో వచ్చారు. పాస్టరుగారు ఆమె సాక్ష్యాన్ని తలుచుకున్నారు, జనం స్తోత్రం అన్నారు, జ్వరం మాట ఎవరి నోటా రాలేదు. నాకు పాస్టరుగారి మీద కోపం వచ్చింది, జనం మీద వచ్చింది, అందరికంటే ఎక్కువగా పెట్టెలో అంత మర్యాదగా పడుకున్న మనిషి మీద వచ్చింది. అన్నయ్య ముఖం చూసి ఊరుకున్నాను. తర్వాతెప్పుడో పరిశోధన ఫలితాలు అచ్చయితే డాక్టరుగారు చూపించారు. క్షయ సోకి ఒక రోగి మరణించారని ఒక్క వాక్యం ఉంది. పేర్లు రాయకూడదట. ఊరూరా తిరిగి తన పేరుతో సాక్ష్యం చెప్పిన మనిషి, అక్కడ ఒక రోగి.

ఆ తర్వాత మా ఆసుపత్రిలో పద్ధతి మారింది. రోగి బాగున్నానన్నా వదలకుండా, ఇంట్లోవాళ్ళని వేరుగా పిలిచి అడగడం పెట్టారు, సాయంత్రం పూట జ్వరం చూసుకు రమ్మని థర్మామీటరు ఇచ్చి పంపేవారు. ఇప్పటి పిల్లలకైతే అదీ అక్కర్లేదు. నొప్పి తగ్గకపోతే డాక్టరు ముందు కూర్చుని మీ మందు పనిచేయడం లేదండీ అని మొహమాటం లేకుండా చెప్తున్నారు. మా సంఘంలోనూ ఈమధ్య ఆడవాళ్ళు లేచి, ఇంకా తగ్గలేదు, ప్రార్థన చేయండి అంటున్నారు. ఎవరి విశ్వాసమూ ఏమీ కూలిపోలేదు. ఇంత తేలికైన మాటని మా వదిన కాలంలో ఆడవాళ్ళు ఎందుకంత భారంగా మోశారో, మోయమని మనలో ఎవరు చెప్పామో, మన ఈడువాళ్ళం ఒకసారి ఆలోచించుకోవాలి. నా మట్టుకు నేను మర్యాద మానేశాను. ఎవరైనా ఎలా ఉన్నారండీ అని అడిగితే ఉన్నదే చెప్తున్నాను. వదిన పోయిన దగ్గర్నుంచి నాకు బాగాలేదు. ఇన్నేళ్ళయినా, ఏమీ బాగాలేదు.